గుమ్మడికాయ కొట్టని కుటుంబం

మొన్న ఒక పబ్లిషర్ గారు ఫోన్ చేశారు. ఇన్నాళ్లూ రాసిన నా కాలమ్స్ అన్నీ గుదిగుచ్చి పుస్తకం వేస్తారట. 300 పేజీలు, 350 రూపాయలు, అట్ట మీద నా బొమ్మ. గాల్లో తేలుతూ వంటింట్లోకి వెళ్లి కబురు చెప్పాను. మా ఆవిడ పోపులో కరివేపాకు వేస్తూ, ఇటు తిరగకుండానే, "ఆదివారం ఆదివారం పేపర్లో వచ్చేదేగా! దాన్ని మళ్లీ డబ్బులు పోసి కొనే వెర్రివాళ్లెవరు?" అంది.

ఈ ప్రశ్న ఇదివరకే ఒకాయన వేశాడు. 2007లో, సినిమా హాల్లో, సీట్లోంచి లేచి నిలబడి మరీ వేశాడు. పసుపుపచ్చ ఒళ్లు, నెత్తిన లెక్కపెట్టుకునేటన్ని వెంట్రుకలు, బానపొట్ట. పేరు హోమర్ సింప్సన్. అమెరికా టీవీలో అప్పటికి 18 ఏళ్లుగా నడుస్తున్న కార్టూన్ కామెడీ 'ది సింప్సన్స్'ని వెండితెరకెక్కిస్తే, అందులో ఈయన కుటుంబంతో సహా సినిమాకెళతాడు. అక్కడ ఆడుతున్నదీ టీవీలో వచ్చే పిల్లీ ఎలకా కార్టూనే. ఇంట్లో ఊరికే వచ్చేదానికి ఇక్కడ టికెట్టు కొన్న మనమంతా తెలివితక్కువ దద్దమ్మలమని కేకలేసి, ఆఖర్న తెరలోంచి వేలెత్తి తిన్నగా మనవైపే చూపిస్తాడు.

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారని మనవాళ్లంటారు. ఫ్రీగా వచ్చేదాన్నే కొనుక్కుని తాగడం అంతకంటే పై మెట్టు. ఆ మెట్టెక్కిన జనం ప్రపంచమంతా ఎందరున్నారంటే, 7.5 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమాకి 53 కోట్ల డాలర్లు దాటి వచ్చాయి. తిట్టించుకోవడానికి టికెట్టు పెడితే హౌస్‌ఫుల్ బోర్డు పడుతుందని అప్పటిదాకా ఏ నిర్మాతకీ తోచలేదు.

అసలు ఈ సంసారం మొదలైందే తొందరపాటులో. మాట్ గ్రోనింగ్ అనే కార్టూనిస్టు నిర్మాత జేమ్స్ ఎల్. బ్రూక్స్ ఆఫీసు వరండాలో కూర్చుని, లోపలికి పిలిచేలోగా ఒక కుటుంబాన్ని గీసేశాడు. పేర్లు ఆలోచించే తీరిక లేక సొంత తండ్రి పేరు, తల్లి పేరు, చెల్లెళ్ల పేర్లు పెట్టేశాడు. 1987లో ట్రేసీ ఉల్మన్ షోలో తునకలు తునకలుగా వచ్చి, 1989 డిసెంబర్ 17న సొంత కుంపటి పెట్టుకున్నారు. ఆనాడు కొట్టిన కొబ్బరికాయకి ఈనాటికీ గుమ్మడికాయ పడలేదు. ఎపిసోడ్లు 750 దాటిపోయాయి. కొడుకు బార్ట్ అప్పుడూ పదేళ్లవాడే, ఇప్పుడూ పదేళ్లవాడే. చంటిది మ్యాగీ నోట్లోంచి పాలపీక తీయలేదు. ఆ రోజుల్లో బార్ట్ ఈడు పిల్లలు మాత్రం ఇప్పుడు పరగడుపున షుగర్ టెస్టుకి లైన్లో నిలబడుతున్నారు. మన డైలీ సీరియళ్లది జీడిపాకం అని వెక్కిరిస్తాం గానీ, మన కోడళ్లకి కనీసం పదేళ్లకొకసారైనా తల నెరుస్తుంది.

సినిమా తీద్దామన్న ముచ్చట 1992 నాటిదే. పిల్లల్ని వేసవి శిబిరానికి పంపే ఎపిసోడ్ ఒకటుంది, దాన్నే సినిమా చేద్దామన్నారు. తీరా చూస్తే ఆ కథ టీవీలో 20 చిల్లర నిమిషాలకే చాలక, పాటని లాగాల్సి వచ్చింది. సరే, సీరియల్ అయిపోయాక తీరుబడిగా సినిమా తీద్దాంలే అనుకున్నారు. సీరియల్ అయిపోలేదు. కథలో ముసలాళ్లూ చావరు, రేటింగులూ చావవు. చివరికి పదకొండు మంది రచయితలు కూర్చుని, 158 సార్లు తిరగరాసి, స్క్రిప్టు తేల్చారు. నా కాలమ్ నేను ఒక్కసారే రాస్తాను. రెండోసారి రాయమంటే ఎడిటర్ గారికి జ్వరమని చెబుతాను. నాకు జ్వరమంటే నమ్మరు.

పదకొండు బుర్రలు, 158 చిత్తుప్రతులు కలిసి తేల్చిన కథ ఏమిటయ్యా అంటే, పంది పేడ. హోమర్ ఒక పందిని పెంచుకుంటాడు, దాని పేడ ఒక పెద్ద గాబులో దాస్తాడు, దాన్ని తీసుకెళ్లి ఊరి చెరువులో కుమ్మరిస్తాడు. పర్యావరణ శాఖవారు చెరువు బాగుచేయడం మానేసి ఊరి మీదే గాజుబుడ్డి బోర్లించేస్తారు. ఆ ఉత్తర్వుకి ముందు అధ్యక్షుడి ఎదుట ఐదు మార్గాలు పెడితే, ఆయన ఒక్కటీ చదవకుండా మూడో నంబరు అంటాడు. ఆ అధ్యక్షుడు సాక్షాత్తూ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్, బొమ్మ రూపంలో. ప్రళయం వచ్చిందనగానే చర్చిలో ఉన్నవాళ్లు పక్కనున్న బార్లోకీ, బార్లో ఉన్నవాళ్లు చర్చిలోకీ పరుగెడతారు. ఆ ఒక్క తమాషాకి నేను రెండు టికెట్లు కొనమన్నా కొంటాను. చెరువు సంగతంటారా, చెరువుల్లో ఏం కలుస్తోందో తెలుసుకోవడానికి మనకి కార్టూన్లు అక్కర్లేదు. ముక్కుంటే చాలు.

మొత్తం 87 నిమిషాలు. అంటే నాలుగు ఎపిసోడ్లు ఒక్క బిగిన చూసినట్టే. తెర వెడల్పు పెరిగింది, మనుషుల కింద నీడలొచ్చాయి. మొదట్లోనే బడి బోర్డు మీద బార్ట్, ఈ సినిమాని దొంగతనంగా డౌన్‌లోడ్ చేసుకోనని శిక్షగా రాస్తూ కనిపిస్తాడు. పోకిరి వెధవ నోట నిర్మాత గారి నీతి! అక్కడే అనుమానించి ఉండాల్సింది.

ఎందుకంటే అసలు తమాషా తెర బయట జరిగింది. ఆ సీరియల్లో క్విక్-ఈ-మార్ట్ అని ఒక కొట్టుంటుంది. పాచిపోయిన సాసేజీలు, మండిపోయే ధరలు. అది ఎవరిని వెక్కిరిస్తోందో అమెరికాలో పిల్లాడిని అడిగినా చెబుతాడు. వెక్కిరింపుకి గురైన 7-ఇలెవన్ కంపెనీ లాయర్ని పంపిందా? లేదు. పెయింటర్ని పంపింది. సినిమా వచ్చే జూలైలో తమ 12 కొట్లకి సొంత బోర్డులు పీకేసి క్విక్-ఈ-మార్ట్ బోర్డులు తగిలించింది. జనం వరసకట్టి మరీ కొన్నారు.

ఊరి సంగతీ అంతే. సింప్సన్ల ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మేయరు లంచగొండి, పోలీసు బద్ధకస్తుడు, అణువిద్యుత్ కేంద్రం ఎప్పుడు పేలుతుందో తెలియదు, అందులో భద్రతాధికారి హోమర్. అమెరికాలో ఆ పేరున్న ఊళ్లు బోలెడు. తొలి ప్రదర్శన ఎక్కడన్న పోటీ పెడితే, 14 స్ప్రింగ్‌ఫీల్డ్‌లు ఆ దిక్కుమాలిన ఊరు మాదంటే మాదని వీడియోలు తీసుకుని ఎగబడ్డాయి. వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ఊరు గెలిచింది.

వ్యంగ్యం రాసేవాడి అసలు కష్టం ఇక్కడే ఉంది. చెంప ఛెళ్లుమనిపిస్తే ఎదుటివాడు ఉడుక్కోడు, కొట్టిన చేతికి కంకణం తొడిగి శాలువా కప్పుతాడు. 1998లో ఈ సీరియల్ ఒక ఎపిసోడ్‌లో, తమని పోషిస్తున్న ఫాక్స్ స్టూడియో డిస్నీవారి శాఖ అయిపోయినట్టు బోర్డు చూపించి నవ్వించింది. 2019లో డిస్నీ నిజంగానే దాన్ని కొనేసింది. ఆ జోకు కూడా సరుకుతో పాటే వాళ్ల గోడౌన్లో చేరింది. తొలి సినిమా ఆఖర్న చంటి మ్యాగీ నోరు విప్పి పలికే మాట "సీక్వెలా?" అని. ఆ మాట నిలబెట్టుకోవడానికి 2025లో ప్రకటన ఇచ్చి, 2027కి రెండో సినిమా అంటున్నారు. మనవాళ్లు పార్ట్ టూ సంగతి పార్ట్ వన్ ముహూర్తానికే చెప్పేస్తారు, 20 ఏళ్లు ఆగే ఓపిక మనకి లేదు.

ఇంతకీ హోమర్ తిట్టు ఎవరికైనా తగిలిందా? హాలంతటినీ కలిపి తిట్టాడు కాబట్టి ప్రతివాడూ అది పక్కసీటువాడికి అనుకుని నవ్వాడు. ఆ ఇంటి గోడకి దెబ్బ తగిలింది ఒక్క చోటే. అదీ నవ్వినవాడి వల్ల కాదు, నవ్వడం మానేసినవాడి వల్ల.

క్విక్-ఈ-మార్ట్ కౌంటర్లో అపు అని ఒక భారతీయుడుంటాడు. సత్యజిత్ రే సినిమాల్లోని అపు పేరే తెచ్చి పెట్టారు. ఇంటిపేరు మాత్రం నాలుక మడతపడేలా కల్పించారు. కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ చేసి చిల్లర లెక్కపెడుతుంటాడు. గొంతు అరువిచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. ఆ యాసతో దశాబ్దాలు నవ్వించారు. న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన తెలుగువారబ్బాయి, కమెడియన్ హరి కొండబోలు, ఆ సీరియల్‌ని ఇష్టంగా చూస్తూ పెరిగినవాడే, 2017లో ఒక డాక్యుమెంటరీ తీసి అడిగాడు: మా అమ్మానాన్నల మాట అంటూ మీరు వినిపిస్తున్న ఈ గొంతు ఎవరిది? మొదట సీరియల్ వాళ్లు దులిపేసుకున్నారు. 2020లో అజారియా తానిక ఆ గొంతు పలకనన్నాడు. 53 కోట్ల డాలర్ల నవ్వులు కదపలేనిదాన్ని, ఒక అభిమాని ముఖం ముడుచుకుని కదిపాడు.

ఇక్కడిదాకా రాసి, ఎప్పట్లాగే మా ఆవిడకి చదవమని ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, కాగితం కాస్త దూరంగా పట్టుకుని, మొత్తం చదివింది. నవ్వలేదు.

"పబ్లిషర్ గారు వేసే పుస్తకంలో నేనూ ఉంటానా?" అంది.

"నువ్వు లేనిదే ఎట్లా? సగం కాలమ్స్‌లో నువ్వే కదా!"

"నేనెక్కడున్నానూ! నా మాటలన్నీ మీరే రాస్తారుగా. ఆ రోజు పోపు దగ్గర నేనన్నది ఇదేనా?"

"మరేమన్నావు?"

"చాలా సంతోషమండీ, మొదటి కాపీ మీ అమ్మగారికి పంపుదాం అన్నాను."

నిజమే, అలాగే అంది. కానీ ఆ మాటతో కాలమ్ మొదలెడితే ఎవరు నవ్వుతారు? దిద్దుదామని కలం తీశాను. ఆ పదకొండు మంది 158 సార్లు ఎందుకు తిరగరాశారో అప్పుడర్థమైంది. గడియారం చూస్తే సాయంత్రం ఐదు కావస్తోంది. ఎడిటర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. అందుకని పైన ఆవిడ మాట నేను రాసిందే ఉంచేశాను. ఆవిడన్నది పుస్తకంలో వేస్తాను, 350 రూపాయలు పెట్టి కొనుక్కోండి.