నా ముఖపత్రం పోయింది

నేను దేవదాసుని. ఆ తాగుబోతుని కాదు లెండి, అతని కథ అచ్చయిన తెలుగు పుస్తకాన్ని. సికింద్రాబాద్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో, ఫుట్‌పాత్ మీద పరిచిన పట్టా మీద నిన్నటిదాకా వెల్లకిలా పడున్నాను. రైలు కూత వినిపిస్తే ఇప్పటికీ నా పుటలు కదులుతాయి. పెరిగింది రైల్వే క్వార్టర్స్‌లో మరి.

అచ్చాఫీసు ముచ్చట్లు వద్దు. సీసం అక్షరాలు, దారం, మైదా జిగురు: నా తరం పుస్తకాలన్నిటి పుట్టుకా అదే. నన్ను తెలుగు చేసినాయన సంగతి మాత్రం చెప్పాలి. తెనాలి మనిషి, ఆలూరి వెంకట సుబ్బారావు. చక్రపాణి అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. 1932లో క్షయ పట్టుకుని మదనపల్లె శానటోరియంలో చేరాడు. అప్పటికింకా ఆ జబ్బుకి మందు లేదు. మంచిగాలి పీల్చుకుంటూ, వేళకి తింటూ పడుకోవడమే వైద్యం. ఆయన ఆ మంచం మీదే బెంగాలీ నేర్చుకున్నాడు. ఊపిరితిత్తుల్లో చిల్లులు పెట్టుకుని, నన్ను బెంగాలీలో రాసిన శరత్ నవలల్ని తెలుగు చేయడానికి తయారయ్యాడు. తర్వాత 1947లో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మొదలుపెట్టాడు, సినిమాలు తీశాడు. 'మిస్సమ్మ' కథకీ మూలం బెంగాలీలోనే ఉంది. ఆయన తెలుగు ఎంత ఒదిగిందంటే, శరత్ మనవాడే అనుకున్న పాఠకులు బోలెడుమంది. అది నాకు గర్వం. నా కడుపుమంట కూడా అదే.

మా అయ్యగారు బెజవాడలో రైల్వే గుమాస్తా. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి సికింద్రాబాద్ దానికి హెడ్డాఫీసయింది. బదిలీ మీద వస్తూ ట్రంకుపెట్టెలో పట్టుచీరల మధ్య నన్ను తీసుకొచ్చారు. చిలకలగూడ క్వార్టర్‌లో మధ్యాహ్నం అంట్లు కడగడం అయ్యాక అమ్మగారు నన్ను విప్పేవారు. ఆవిడ చదివేది శరత్‌నే అయినా మనసులో కనిపించేది సినిమా దేవదాసు నాగేశ్వరరావు. పక్కింటావిడ, ఎదురింటావిడ, వాళ్ల చెల్లెళ్లు వంతులేసుకుని పట్టుకెళ్లేవారు. నా అరవై ఒకటో పేజీలో పసుపు వేలిముద్ర ఉంది. ఎవరిదో చెప్పను. చివరి పుటలు ఉబ్బి ఉన్నాయంటే చెమ్మ తగిలి కాదు. పార్వతి వాకిట్లో దేవదాసు ప్రాణం పోయే చోటది.

ఒక వానాకాలం మనవడు నా ముఖపత్రం చించి పడవ చేశాడు. చక్రపాణి పేరు అచ్చయింది ఆ ఒక్క పేజీలోనే. అట్ట మీద శరత్ పేరుంది, ఏడుస్తున్న అమ్మాయి బొమ్మ ఉంది, వెల కూడా ఉంది. ఆయనకి మాత్రం చోటు దొరకలేదు. పడవ మోరీ దాకా వెళ్లి మునిగింది. పిల్లాడు చప్పట్లు కొట్టాడు.

తర్వాత అటకే నా ఇల్లు. ఎన్నేళ్లో లెక్క పెట్టలేదు. నా పైన విరిగిన ఫ్యాను, కింద పెళ్లి శుభలేఖలు. చెదలు శుభలేఖలు తిని, నా వీపు రుచి చూసి, ఎందుకో ఆగిపోయాయి. అమ్మగారు పోయిన ఏడాదికి ఇల్లు ఖాళీ చేస్తూ దించారు. తెరుస్తారనుకున్నాను. దుమ్ముకి తుమ్మి గోనెసంచిలో వేశారు. పాత పేపర్లాయన పదో తరగతి గైడ్లతో కలిపి తూచాడు. గైడ్లే బరువెక్కువ.

అలా చేరిన ఫుట్‌పాత్ మీద నా పక్కన గట్టి అట్ట ఇంగ్లీషు పుస్తకం ఒకటి చేరింది. 'బెంగాలీ లిటరేచర్', జర్మనీలో 1976లో అచ్చయింది. ఏదో లైబ్రరీ ముద్ర, దాని మీద అడ్డంగా ఇంకో ముద్ర. అక్కర్లేదని తీసేశారట. మొదట దొరబాబులా బిగుసుకు కూర్చుంది. రాత్రి పట్టా కప్పాక నోరు విప్పింది.

దాన్ని రాసినాయన దుషాన్ జ్బావితెల్, చెక్ మనిషి, 1925లో పుట్టాడు. ప్రాగ్‌లో ఆయన గురువు లెస్నీ, శాంతినికేతన్‌లో పాఠాలు చెప్పి వచ్చినవాడు. మైమన్‌సింగ్ పల్లెల్లో పాడుకునే కథాగేయాలు అసలువి కావు, సేకరించినవాళ్లే అల్లారు అని బెంగాల్ పండితుల్లో కొందరు కొట్టిపారేసేవారు. ఈయన వాటిని జల్లెడపట్టి, నిజంగా జానపదుల నోట ఉన్నవేనని వాదించాడు. ఆ వాదన రాసిన పుస్తకాన్ని 1963లో కలకత్తా విశ్వవిద్యాలయమే అచ్చేసింది. బెంగాలీ పాటలు బెంగాలీవేనని చెప్పడానికి ప్రాగ్ నుంచి మనిషి రావాల్సి వచ్చింది, చూడండి!

"1968లో మా ఆయన ఊళ్లోకి సోవియట్ ట్యాంకులొచ్చాయి పెద్దాయనా," అంది. "ఆ మాటా ఈ మాటా మీద 1971లో ఉద్యోగం ఊడింది. ఇక అనువాదాలే బతుకుతెరువు. మీ దేశం 2006లో పద్మభూషణ్ ఇచ్చింది. 2012లో పోయారు."

"మీ ఆయన పేరు నీ అట్ట మీద ఉందా?" అన్నాను.

"వీపు మీద కూడా ఉంది, బంగారు రంగులో."

ఆ రాత్రి ఇక మాట్లాడలేదు నేను.

నిన్న సాయంత్రం ఒకమ్మాయి వచ్చి దాన్ని బేరమాడింది. నలభైకి తెగింది. "ఇది ఊకెనే తీస్కో చెల్లే, మొదటి పేజీ లేదు," అని అమ్మేవాడు నన్నూ సంచిలో పడేశాడు. పసుపు ముద్రకీ, ఉబ్బిన పుటలకీ కలిపి నా వెల సున్నా. అయినా కోపం రాలేదు, కప్పు కింద పడుకోబోతున్నాను.

ఆ అమ్మాయి రాత్రి నాకు ఖాకీ కాగితంతో అట్ట వేసింది. ఎన్నాళ్లకో ఒంటిమీద కొత్త బట్ట! పెన్ను తీసి గుండ్రటి అక్షరాలతో 'దేవదాసు' అని రాసింది. దాని కింద 'శరత్' అని రాసింది. ఇంకా కింద బోలెడంత చోటుంది. పెన్ను కాసేపు గాల్లో ఆగింది. తర్వాత ఆ చోట్లో తన పేరు రాసుకుంది.