గివన్నీ పెడితే ఎంతైతదో!

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు హైదరాబాదులో కార్లు సైకిళ్లను మోసుకుని బయల్దేరతాయి. వెనక డిక్కీకి బిగించిన చట్రం మీద రెండు సైకిళ్లు, లోపల ఏసీలో వాటి యజమానులు. గండిపేట దాటాక ఎక్కడో ఒకచోట కారు ఆగుతుంది, సైకిళ్లు దిగుతాయి, వ్యాయామం మొదలవుతుంది. పెట్రోలు పోసి పర్యావరణాన్ని కాపాడడం కొత్తేమీ కాదులెండి. సైకిలు గుర్తు పార్టీ పెట్టిన ఎన్టీఆర్ కూడా రాష్ట్రమంతా తిరిగింది పాత షెవర్లే వ్యానులోనే. ఆయనకు ఊరికొక సభ ఉండేది, వీళ్లకు ఊరికొక సెల్ఫీ ఉంటుంది.

నేనూ ఆ బాపతే. కాబట్టి నాకు తిట్టే హక్కు పుష్కలంగా ఉంది.

తొక్కడంతో నాకు పేచీ లేదు. తొక్కి తిరిగొచ్చాక జరిగే ప్రకటనతోనే పేచీ. "కొత్త రూటు కనిపెట్టాం బ్రో! శంకర్‌పల్లి దాటాక లోపలికి పోతే ఎత్తుపల్లాల రోడ్డు, అటూ ఇటూ చేలు, చిన్న చిన్న ఊళ్లు. ఎవరూ ఉండరు. టోటల్లీ అన్‌టచ్డ్!" ఎవరూ ఉండకపోవడమేమిటి? చేవెళ్ల చుట్టుపక్కల టమాటా, పూలు పండించేవాళ్లు మన సైక్లిస్టు షూ లేసు కట్టుకునే సరికే సరుకు మార్కెట్టుకు చేర్చి, టీ కూడా తాగేసి ఉంటారు. పాలాయన మొదటి వాడిక ముగించి రెండో దానికి బయల్దేరి ఉంటాడు. ఈ భాషలో "ఎవరూ లేరు" అంటే "మన ఆఫీసువాళ్లెవరూ లేరు" అని అర్థం చెప్పుకోవాలి.

ఇక ఆ 'కొత్త' దారి సంగతి. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచాక, మళ్లీ అలా జరగకుండా ఆ నది మీద గండిపేట చెరువు కట్టారు. 1920 నాటికి అది పూర్తయింది. ఆ మూసీ పుట్టేది వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండల్లో. అంటే మనవాళ్లు చెమటోడ్చి ఎక్కి జెండా పాతే కొండ నుంచే నగరానికి వందేళ్లుగా తాగునీళ్లు వచ్చాయి. నీళ్లకు తెలిసిన దారిని నగరం పోయిన ఏడాది కనిపెట్టింది!

కనిపెట్టినవాడు ఊరుకుంటాడా, పేరు పెడతాడు. ఫోనులోని యాప్‌లో రోడ్డును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో ఇంగ్లీషు పేరు తగిలించి, అందులో ఎవరు వేగమో వారికి కిరీటం పెడతారు. నాకు తెలిసిన ఒక ఎత్తుకు 'పెయిన్ కేవ్' అని పేరు పడింది. దాని మీద మైసమ్మ గుడి ఉంది. ఊరివాళ్లు మైసమ్మ గడ్డ అంటారు. ఆ గడ్డ మీద పోయిన నెల కిరీటం గెలిచినవాడికి గుడి ఎటువైపుందో తెలియదు, అతని చూపంతా హ్యాండిల్ మీది గడియారం మీదే. ఊరి కుక్కలు మాత్రం అందరికంటే నిజాయితీగా ఉన్నాయి. రంగురంగుల బిగుతు బట్టల్లో, తల మీద పుట్టగొడుగు లాంటి టోపీతో ఎవరో పారిపోతుంటే వెంటపడడం వాటి ధర్మం. ఆ పరుగును మనవాళ్లు 'ఇంటర్వెల్ ట్రెయినింగ్' కింద రాసుకుంటారు.

బరువు సంగతి చెప్పనివ్వండి. పోటీ సైకిలు 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం. మనవాళ్లు ఏ పోటీకీ పోరు గానీ, ఆ అంకె వైపు భక్తితో ప్రయాణిస్తారు. ఇనుము తీసి కార్బన్, అల్యూమినియం తీసి కార్బన్, చివరికి నీళ్ల సీసా పట్టీ కూడా కార్బన్. ఎనిమిది వందల గ్రాములు తగ్గించడానికి నేను ముప్పై వేలు పోశాను. రైడు మధ్యలో నెయ్యి ఇడ్లీ మానేస్తే రెండు కిలోలు ఉచితంగా తగ్గేవాణ్నని మా ఆవిడ లెక్క. ఆవిడకు ఏరోడైనమిక్స్ తెలియదు.

ఆ ముప్పై వేల తర్వాతి ఆదివారమే శంకర్‌పల్లి దాటాక ఒక ఊరి మొదట్లో నా వెనక టైరు కూర్చుంది. గుంపు ఆగలేదు. సగటు వేగం పడిపోతుందట. రోడ్డు పక్కన రేకుల కింద పంక్చర్ షాపు. వేలాడదీసిన పాత టైర్లు, నల్లనీళ్ల బేసిను, గోడకు ఆనించిన నల్లటి అట్లాసు సైకిలు. అరవై దాటిన మనిషి బీడీ పక్కన పెట్టి లేచాడు. నా సైకిలును రెండు వేళ్లతో ఎత్తి చూశాడు, మళ్లీ దించాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సారూ, గీ బండికి స్టాండు లేదా?"

"లేదు కాకా."

"బెల్లు?"

"లేదు."

"మడ్‌గాడ్లు? క్యారేజీ?"

తల అడ్డంగా ఊపాను. ఎంతకు కొన్నారని అడిగాడు. సిగ్గేసి సగమే చెప్పాను. సగమే లక్ష. కాసేపు ఏమీ మాట్లాడలేదాయన. తర్వాత, వెటకారం ఇసుమంతైనా లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అన్నాడు: "అన్నీ తీసేస్తేనే లచ్చైతే, గివన్నీ పెడితే ఎంతైతదో!"

ట్యూబు బేసిన్లో ముంచి బుడగ పట్టి, ఆకురాయితో గీకి, సొల్యూషను రాసి, ఊది, అతుకు వేయడానికి ఆయనకు పది నిమిషాలు పట్టింది. అసలు కష్టం గాలి దగ్గర వచ్చింది. మోటారు సైకిళ్లకు గాలి కొట్టే పైపు మూతి నా ట్యూబు సన్నటి మూతికి పట్టలేదు. మధ్యలో పెట్టుకునేందుకు ఒక చిన్న ఇత్తడి టోపీ సైకిలుతోనే వచ్చింది. నాలుగు గ్రాములు బరువని దాన్ని ఇంట్లో వదిలేశాను. జేబులోంచి అరచెయ్యంత పంపు తీసి కొట్టడం మొదలుపెట్టాను. నూట యాభై దెబ్బలకు నా చేతులు పడిపోయాయి. ఆయన పంపు అందుకుని, మోకాలికి ఆనించుకుని, బీడీ ఆరిపోయేలోగా టైరును రాయిలా చేసి ఇచ్చాడు.

ముప్పై రూపాయలు అడిగాడు. చిల్లర లేదన్నాను. గోడ మీది క్యూఆర్ కోడు చూపించాడు. ఊరు మావాళ్లన్నంత అన్‌టచ్డ్‌గా లేదు.

ఆ గోడకు ఆనించిన అట్లాసు ఆయనదే. ఇరవై కిలోల పైచిలుకు ఉంటుంది. స్టాండు, బెల్లు, క్యారేజీ, డైనమో, అన్నీ ఉన్నాయి. ఆ సైకిళ్లు తయారుచేసిన కంపెనీకి మిగిలిన ఆఖరి ఫ్యాక్టరీ, ఢిల్లీ పక్కన సాహిబాబాదులో, 2020 జూన్ 3న మూతపడింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినోత్సవం. రెండేళ్ల ముందే ఐక్యరాజ్యసమితి ఆ తేదీని ఖాయం చేసింది. వ్యంగ్యం రాసుకునేవాడి పొట్ట కొట్టడానికే కొన్ని సంఘటనలు జరుగుతాయి.

సైకిలు ఒకప్పుడు ఫ్యాషను కాదు, పన్ను కట్టాల్సిన ఆస్తి. ఏటా పన్ను కట్టి బిళ్ల తగిలించుకోవాలి. చీకటి పడ్డాక లైటు లేకపోయినా, డబల్స్ పోయినా పోలీసు టైర్లలో గాలి తీసేవాడు. పిల్లలు అద్దె సైకిలు తెచ్చి, సీటు అందక కడ్డీ కింది నుంచి కాలు దూర్చి కైంచీ తొక్కేవారు. మోకాలి చిప్పలు లేచిపోయేవి, గంట దాటితే అద్దె పెరిగేది. ఆ సైకిలు మీదే స్టీలు సామాన్లు, ఐసు పెట్టె, చీరల మూట, పెళ్లి కూతురి ట్రంకు పెట్టె ఊరూరా తిరిగాయి. 2011 జనాభా లెక్కల్లో కూడా దేశంలో నూటికి 45 ఇళ్లలో సైకిలుంది. వాళ్లెవరూ తమను 'సైక్లింగ్ కమ్యూనిటీ' అని చెప్పుకోలేదు. కాలక్రమంలో పాలాయన టీవీఎస్ ఎక్స్ఎల్‌కు మారాడు. డబ్బు కూడగానే ఆయన వదిలించుకున్న దాన్ని డబ్బు ఎక్కువైన మనం తగిలించుకున్నాం. ఇద్దరిలో తెలివైనవాడెవరో నేను చెప్పను.

ఇంకో రకం ఉన్నారు, గడువు పెట్టుకుని దూరాలు తొక్కే బ్రెవేవాళ్లు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో తొక్కితే పారిస్‌లోని క్లబ్బు లెక్కలోకి ఎక్కుతారు. 300, 400, 600 కూడా ఉన్నాయి. వీళ్లనేమీ అనను. రాత్రంతా తొక్కి తెల్లారి దాబా బల్ల మీద నిద్రపోయేవాళ్లను చూస్తే గౌరవమే కలుగుతుంది. వాళ్లు కనీసం దారిలోని ఊళ్లలో ఆగుతారు. వచ్చినట్టు చిట్టీ మీద ముద్ర వేయించుకోవాలి కదా.

ప్రభుత్వానికి సైకిలు మీద ప్రేమ లేదని ఎవరన్నారు? 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు. మూడు వరుసలు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, ఎండ తగలకుండా పైకప్పు, పైకప్పు మీద 16 మెగావాట్ల సోలార్ పలకలు. చూడముచ్చటగా ఉంది. నిజంగానే బాగుంది. చిక్కల్లా ఇంటి నుంచి అక్కడిదాకా సైకిలు మీద ప్రాణాలతో చేరే దారి లేకపోవడం. అందుకే మళ్లీ కారు, వెనక చట్రం. ఇంతకీ ఆ ట్రాక్ మీద ఎవరూ ఎక్కడికీ పోరు. పోయి వస్తారు.

ఎక్కడికో పోవాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు తొక్కేది అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల చేవెళ్ల రోడ్డు. అటూ ఇటూ తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. మన 'బనియన్ రైడ్' ఫొటోలన్నిటికీ నేపథ్యం అవే. రోడ్డు వెడల్పు చేస్తే వాటి గతేమిటని గొడవ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఈ రోడ్డు మీద టిప్పర్ హారన్‌కు సైకిలాయన మట్టిలోకి దిగుతాడు, అది పోయాక మళ్లీ తారెక్కుతాడు. బడిపిల్లా అంతే చేస్తుంది. మన గుంపు మాత్రం వరుసకు ముగ్గురు చొప్పున రోడ్డంతా పరుచుకుని, వెనక వచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కు 'షేర్ ద రోడ్' అని వీపు మీది బొమ్మ చూపిస్తుంది. ఆయన అప్పటికే యాభై మందితో షేర్ చేస్తున్నాడు.

అయ్యా, రోడ్లు వెడల్పు చేసే పెద్దలారా, ఒక్క మనవి. కొత్త తారు వేసేటప్పుడు తెల్లగీతకు అవతల, మట్టి కాకుండా, ఒక్క మీటరు మేర గట్టి చోటు వదలండి. మా ఆదివారం గుంపు కోసం కాదు, సోమవారం కూడా తొక్కేవాళ్ల కోసం. దానికి సోలార్ పైకప్పు అక్కర్లేదు. ఉన్న మర్రిచెట్లు ఉంచితే చాలు.