గొప్ప తెలుగులో, గ్యాసు ఇంగ్లీషులో

తెలుగు చచ్చిపోతోందని సభల్లో కళ్లొత్తుకునే పెద్దలు ఒక్క పూట రామవరప్పాడు రింగు దగ్గర నిలబడితే చాలు, దిగులు తీరిపోతుంది. ఆటో వెనక ‘అమ్మ దీవెన’, టిప్పరు అద్దం మీద కనకదుర్గమ్మ, దాని పక్కబండి మీద ఏసయ్య, లారీ వెనక తలుపు మీద ‘నన్ను చూసి ఏడవకురా’. ఆటోనగర్‌లో రేడియం స్టిక్కర్లు కోసే కుర్రాళ్లు భాషకు చేస్తున్న సేవ ఏ అకాడమీ చేసింది?

ఇంతకీ ఏడవాల్సినంత ఏముందని? అదే బండి మీద ఓ మూల సన్నటి ఇంగ్లీషులో ఇంకో వరుస ఉంటుంది: ఫలానా ఫైనాన్సు కంపెనీకి తాకట్టు అని. నెలనెలా కిస్తీ కట్టలేక ఏడ్చేది ఓనరే. గొప్ప మాత్రం తెలుగులో చాటి, అప్పును ఇంగ్లీషులో దాచేశాడు. పోనీ, అది అతని ఇంటి గుట్టు.

కొండపల్లి నుంచి వచ్చే గ్యాసు ట్యాంకరు సంగతి అలా కాదు. దాని వెనక ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఇంగ్లీషు అక్షరాలు, ఓ పలక మీద 1075 అనే అంకె. వంటగ్యాసు లాంటి వాయువులకు ఐక్యరాజ్యసమితి జాబితాలో ఉన్న నంబరది. పాల క్యాన్లు కట్టుకుని మోపెడ్ మీద, నోట్లో బీడీతో వెనకే వస్తున్న మైలవరం పెద్దాయన ఆ జాబితా తిరగేసే ఉంటాడని మనవాళ్ల నమ్మకం కాబోలు!

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో తొమ్మిదోది, ఇలాంటి సరుకు తోలే డ్రైవరుకు ఒక భారతీయ భాషతో పాటు ఇంగ్లీషూ చదవడం, రాయడం రావాలంటుంది. భేష్. ట్యాంకులో ఏముందో డ్రైవరుకు ఎలాగూ తెలుసు. తెలియాల్సింది వెనకవాడికి. 1966లోనే తెలుగును అధికార భాషగా చట్టం చేసుకున్న రాష్ట్రంలో వాడికి తెలుగులో అందుతున్న హెచ్చరిక ఒక్కటే: ఏడవొద్దని.

చోటు లేదంటారా? అదే ట్యాంకు మీద కంపెనీ పేరు నిలువెత్తున పట్టింది కదండీ.

రవాణా శాఖ వారూ, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేముందు బండి వెనక్కి ఒకసారి నడవండి. ‘మంట అంటుకుంటుంది, దూరంగా ఉండండి’ అని తెలుగులో కనబడకపోతే బండిని ఆటోనగర్‌కు తిప్పి పంపండి. అరపూట పని.