అవరెబేళె మేళాలో స్నేహితుణ్ణి నెగ్గడం ఎలా?

జనవరి వచ్చిందంటే బెంగళూరు బసవనగుడి వైపు గాలికే అనపకాయల వాసన పట్టుకుంటుంది. సజ్జన్‌రావ్ సర్కిల్ దగ్గరి వీధిలో ఏళ్ల తరబడి జరిగిన అవరెబేళె (అనపగింజల) మేళా ఈమధ్య నేషనల్ కాలేజీ మైదానంలో జరుగుతోంది. దోసె నుంచి జిలేబీ దాకా, ఉప్మా నుంచి ఐస్‌క్రీం దాకా ఏ స్టాల్‌కి వెళ్లినా అనపగింజలే. చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డ మనవాళ్లకు ఆ గింజను ఎవరూ కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు.

ఇలాంటి చోటికి సాధారణంగా ఒక స్నేహితుణ్ణి వెంటేసుకుని వెళ్తారు. అసలు చిక్కంతా అక్కడే వస్తుంది. వంటల సంగతి వంటవాళ్లు చూసుకుంటారు, పక్కనున్న మనిషిని మాత్రం మీరే అదుపులో పెట్టుకోవాలి. వాడు మీ ప్లేటులో చెయ్యి పెడతాడు. మీకు తెలియని సంగతులు చెబుతాడు. మీరు వద్దన్న స్టాల్ దగ్గరే ఆగుతాడు. కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటించండి, ఆ బెడద ఉండదు.

1. ఆదివారం రాత్రి ఏడు దాటాకే వెళ్లండి, అదీ కారులో

"మామా, మామూలు రోజు సాయంత్రం నాలుగింటికల్లా పోదాం. పెనాలు అప్పుడే వేడెక్కుతుంటాయి, చేసేవాళ్లకు ఓపిక ఉంటుంది" అంటాడు. ఒప్పుకోకండి. తోపులాట లేనిచోట తింటే ఇంట్లో తిన్నట్టే ఉంటుంది. మెట్రో గ్రీన్ లైన్‌లో నేషనల్ కాలేజీ స్టేషన్ 2017 నుంచీ ఉందనీ, దిగి నాలుగడుగులు వేస్తే చాలనీ కూడా చెబుతాడు. మెట్రోలో వెళ్తే వి.వి.పురం సందుల్లో పార్కింగ్ కోసం చక్కర్లు కొట్టే భాగ్యం ఎలా దక్కుతుంది?

పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లడం మరీ ముఖ్యం. మధ్యాహ్నం రెండు ముద్దలు మజ్జిగన్నం తిని వెళ్తే నిదానంగా రుచి చూడొచ్చు అనేది పిరికివాళ్ల మాట. కళ్లు తిరిగేంత ఆకలితో వెళ్లినవాడికి మొదట కనబడిందల్లా అమృతమే.

2. మొదటి స్టాల్ దాటి అడుగు వెయ్యకండి

లోపలికి రాగానే వాడు, "ముందు ఒట్టి చేతుల్తో ఒక చుట్టు చుట్టొద్దాం. ఎక్కడ వేడివేడిగా వేస్తున్నారు, ఎక్కడ చేసి కుప్ప పోసి పెట్టారు, చూసుకుని మొదలుపెడదాం" అంటాడు. చూపులతో ఎవడి కడుపూ నిండదు. గేటు పక్కనే ఉన్న స్టాల్‌లో రెండు దోసెలు చెప్పేయండి. గేటు పక్కన చోటు దొరికిందంటే వాళ్లు గొప్పవాళ్లే అయ్యుండాలి కదా.

ఇక్కడ వాడు శాస్త్రం మొదలుపెడతాడు. ఒకే వంట తింటూ పోతే నాలుకకు అది మొహం మొత్తుతుందనీ, అదే కడుపుతో కొత్త వంట ముందు కూర్చుంటే మళ్లీ తినాలనిపిస్తుందనీ, 1981లోనే బార్బరా రోల్స్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఈ సంగతి ప్రయోగాలతో చూపించారనీ చెబుతాడు. పెళ్లిభోజనంలో ఇక చాలన్నవాడు పాయసం రాగానే సర్దుకుని కూర్చోవడం అందుకేనట. విని తల ఊపండి, మూడో దోసె చెప్పండి. మొహం మొత్తేదాకా తినకపోతే డబ్బు గిట్టిందని ఎలా తెలుస్తుంది?

3. ఎవరి ప్లేటు వారిదే

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం. వాడి పథకం ఎంత కుటిలమైనదో చూడండి. "అన్నీ ఒక్కోటే తీసుకుని చెరిసగం చేద్దాం. నువ్వు రొట్టె లైనులో నిలబడు, నేను ఓళిగ లైనులో నిలబడతా. ఇద్దరం ఒకేసారి బయటికొస్తాం" అంటాడు. మనిషి కడుపులో నాలుగు ప్లేట్లు పడతాయనుకుంటే, ఒక్కడే తింటే నాలుగు వంటలు, ఇద్దరు పంచుకుంటే ఎనిమిది వంటలు, ఖర్చు మాత్రం అంతే అని వేళ్ల మీద లెక్కగట్టి చూపిస్తాడు.

ఆ లెక్కలో తప్పు లేదు, మర్యాదే లేదు. దోసెలో అంచు కరకరలాడుతుంది, నడుమ మెత్తగా ఉంటుంది. పంచుకునేటప్పుడు అంచు ఎవరికి పోవాలి? వాడేమో అడక్కుండానే అంచు తుంచి మీకు పెడతాడు. ఇలా పెట్టించుకుంటే రేపు మీరూ పెట్టాల్సి వస్తుంది. చిన్నప్పుడు చొక్కా అంచు కప్పి కొరికి, కాకెంగిలంటూ జామకాయ పంచుకున్న రోజులు వేరు. ఇప్పుడు ఇద్దరికీ జీతాలొస్తున్నాయి. వాడు ఏది చెబితే మీరూ అదే చెప్పండి, విడిగా ఇంకో ప్లేటు చెప్పండి. ఇద్దరి చేతుల్లోనూ ఒకే వంట ఉంటే రుచి చూడమని అడిగే ఆస్కారమే ఉండదు.

4. ఘాటుతో మొదలుపెట్టి చప్పిడితో ముగించండి

అనపగింజది చిన్న గొంతు. రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఒక్కో గింజనూ బొటనవేలితో పితికి తోలు తీస్తే వచ్చే పితికిపప్పులో సన్నటి తియ్యదనం, కాస్త వెన్నదనం ఉంటాయి. కాయ మీద ఉండే జిడ్డు వాసనను కన్నడంవాళ్లు సొగడు అంటారు, మాగడి వైపు కాయలకు అది మెండు అంటారు. అందుకని మీవాడు, "ముందు అక్కి రొట్టె తిందాం, బియ్యప్పిండిలో గింజలు, సోయకూర తప్ప పెద్దగా ఏమీ ఉండవు. తర్వాత చారు, ఆ తర్వాత కారాలు, తీపి ఆఖర్న" అని వరస చెబుతాడు.

మీరు ముందు అనపగింజల మంచూరియా తినండి. వెంటనే పాకం కారుతున్న జిలేబీ. ఆపైన ఐస్‌క్రీం. నాలుక మీద సోయాసాస్, వెల్లుల్లి, చక్కెర, చలి అన్నీ పొరలుగా పేరుకున్నాక అక్కి రొట్టె కొరికి, "ఇందులో ఏముందిరా, పిండి తప్ప?" అనండి. ఈ మాట రొట్టె కాలుస్తున్న ఆవిడకు వినబడేలా అంటే ఇంకా బాగుంటుంది.

5. నోరు మండితే చల్లటి నీళ్లే

మిరపకాయ మంటకు మూలమైన కాప్సైసిన్ నీళ్లలో కరగదని, పాలల్లోని కేసీన్ అయితే దాన్ని నాలుక మీంచి లాగేస్తుందని వాడు మజ్జిగ గ్లాసు చేతికి అందిస్తాడు. పుచ్చుకున్నారో, వాడి మాట నెగ్గినట్టే. కళ్లనీళ్లు కారుతున్నా సరే, సీసాడు చల్లటి నీళ్లు గటగటా తాగండి. మంట నోరంతా సమంగా పరుచుకుంటుంది, కడుపులో మిగిలిన కాస్త చోటూ నిండిపోతుంది.

6. ఎర్రదనమే రుచి, నల్లదనమే అనుభవం

గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులనూ, పీచుమిఠాయిలో రోడమైన్-బినీ కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించింది. ఆ సంగతి గుర్తున్న స్నేహితుడు ఎక్కడ తిన్నా ముందు రంగు చూస్తాడు. మూకుట్లోకి కూడా తొంగిచూస్తాడు. మరిగించి మరిగించి వాడిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె పారబోయాలని 2018 జూలై నుంచి నిబంధన ఉందట. కొలిచే యంత్రం మన చేతిలో లేదు కాబట్టి చిక్కదనం, నురగ, పొగ చూసి పోల్చుకోవాలట. బంగారు రంగు నూనె ఉన్నచోటికి మిమ్మల్ని లాక్కెళ్లబోతాడు. కదలకండి. నిన్నగాక మొన్న సీసా మూత తీసిన నూనెకు వంటేం తెలుస్తుంది?

7. ప్రతి స్టాల్ దగ్గరా మీ అమ్మను తలుచుకోండి

పితికిపప్పు కూర, రాగిసంకటి మీ ఇంట్లో ఎలా చేస్తారో ప్రతి వంటవాడికీ వివరంగా చెప్పాలి. బసవనగుడిలో తెలుగు అర్థమయ్యేవాళ్లకు కొదవలేదు, గొంతు పెంచితే చాలు. "మా అమ్మ అయితే కొబ్బరి ఇంత వెయ్యదు", "మా వైపు దీన్ని ఇలా పాడు చెయ్యం" వంటివి మంచి ప్రారంభ వాక్యాలు. వెనక లైనులో ఉన్నవాళ్లు మెచ్చుకోలుగా దగ్గుతారు.

మీ స్నేహితుడు ఈలోపు తోలు తీసే ఆడవాళ్ల పక్కన చేరి, ఎన్నింటికి లేచారు, ఎంతసేపు పితికారు అని అడుగుతుంటాడు. వాళ్లు నవ్వి వాడి చేతిలో చెంచాడు పప్పు వేస్తారు, వాడు అందులో సగం తీసుకొచ్చి మీ చేతిలో వేస్తాడు. వద్దనండి. ఊరికే వచ్చినదానికి రుచేముంటుంది?

8. చల్లారేదాకా ఫోటో తీయండి

ఓళిగ పెనం మీంచి దిగి, నెయ్యి ఇంకా చిటపటమంటున్నప్పుడే తినాలని వాడి తొందర. మీరు ప్లేటు ఎడంచేత్తో పైకెత్తి, వెనక సీరియల్ బల్బులు కనబడేలా, పక్కవాడి మోచెయ్యి కనబడకుండా ఫోటో తీయండి. బాగా రాకపోతే వాడి ప్లేటు కూడా అడిగి రెండూ కలిపి తీయండి. ఫోటోలో ఆవిరి కనబడదు కాబట్టి అది పోయినా నష్టం లేదు.

9. లెక్క పైసలతో సహా తేల్చండి

మైదానంలో ఇంతమంది ఒకేసారి ఫోన్లు తీస్తే సిగ్నల్ మొరాయిస్తుంది, యూపీఐ చక్రం తిరుగుతూనే ఉంటుంది. తెలిసినవాడు కాబట్టి మీ స్నేహితుడు చిల్లర నోట్లు జేబులో వేసుకొస్తాడు, అన్నిచోట్లా తనే ఇచ్చేస్తాడు. మీరు అడ్డుపడకండి, కానీ గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్లాక ఎవరెన్ని జిలేబీ చుట్లు తిన్నారో దాంతో సహా రాసి పంపండి. వాడు ఓళిగ ముక్కకు ముక్క పంచానంటే, నెయ్యి మాత్రం తన వైపే కారిందని తగ్గించండి.

10. తిరుగు ప్రయాణంలో కారు అద్దాలు దించకండి

చిక్కుడు జాతి గింజల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని అరిగించే శక్తి మన చిన్నపేగుకు లేదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తాయి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది, మితంగా తింటే ఇంకా తగ్గుతుంది. మూడు దోసెలు, మంచూరియా, జిలేబీ, సీసాడు నీళ్లు పట్టించిన మీకు ఈ రెండో మార్గం ఎటూ వర్తించదు. జనవరి చలి కాబట్టి అద్దాలు మూసే ఉంచండి. నోరెత్తకుండా వాడు ఓర్చుకుంటే అది స్నేహం, అద్దం దించితే ద్రోహం.

11. వచ్చే ఏటి సంగతి

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే వచ్చే జనవరికి మీ స్నేహితుడికి సరిగ్గా మేళా రోజే ఏదో పని పడుతుంది. కంగారు పడకండి, మీరు నెగ్గారు. ఇక రొట్టె మొత్తం మీదే, అంచుతో సహా. మూడు వంటలకే కడుపు నిండిపోతుంది కాబట్టి మిగతా లైన్లలో నిలబడే శ్రమ తప్పుతుంది. ఉప్పు తగ్గింది కదూ అని అడిగేవాడు లేడు కాబట్టి ఏ వంటలోనూ ఉప్పు తగ్గదు. ఏది బాగుందో, ఏది లేదో మీరొక్కరే తేల్చేయొచ్చు. కాదనేవాడూ లేడు, ఔననేవాడూ లేడు.

ఒక్కటే ఇబ్బంది. మీరు ఓళిగ కోసం వెళ్తే రొట్టె లైనులో మీ చోటు పట్టి ఉంచే మనిషి ఉండడు. దీనికి నా దగ్గర ఎవరికీ తట్టని ఉపాయముంది. లైనులో మీ ముందున్న ముక్కూమొహం తెలియని మనిషి భుజం తట్టి, "అన్నా, నా చోటు కాస్త చూసుకో, ఓళిగ తెచ్చి సగం నీకిస్తా. నీ రొట్టెలో సగం నాకియ్యి" అనండి. బెంగళూరులో అన్నా అంటే రెండు భాషలవాళ్లూ వెనక్కి తిరుగుతారు. ఒప్పుకున్నాడంటే ఒక్క ప్లేటు ఖర్చుతో రెండు వంటలు దక్కుతాయి. ఇలాంటివాణ్ణి ఇంకొకణ్ణి పట్టుకుంటే మూడు.

తుంచేటప్పుడు మాత్రం చిన్న సగమే ఇవ్వండి.