అడ్మిన్ సామీ, మీ చేతికి ఎముక లేదు!

హిందూపురం ఫ్యాక్టరీల్లో, పెనుకొండ గోడౌన్లలో, ధర్మవరం పట్టు షాపుల్లో ఎక్కడ చూసినా మీ కీర్తే సామీ! కంప్యూటర్లు చూసుకునే వాళ్లలో మీ అంతటి దాత సత్యసాయి జిల్లాలో లేడు. బిల్లు కొట్టే పిల్లోడికి కూడా అడ్మిన్ హక్కులిచ్చారు. అన్ని మెషిన్లకూ ఒకటే పాస్‌వర్డ్, షాపు పేరు పక్కన 123. అదీ గుర్తుండని వాళ్ల కోసం మానిటర్‌కు చీటీ అంటించారు. ఏం దయ!

మీ చలవతో దొంగలెంత సుఖపడ్డారో! పూర్వం వైరస్ గాడు సరంజామా అంతా మోసుకొచ్చి గుమ్మంలోనే యాంటీవైరస్‌కు దొరికిపోయేవాడు. ఇప్పుడు చేతులూపుకుంటూ వస్తున్నాడు. వాడికి కావలసిన పనిముట్లు పవర్‌షెల్, సర్ట్‌యుటిల్, పాత విండోస్‌లలోని డబ్ల్యూఎంఐసీ అన్నీ విండోస్‌తో వచ్చినవే, మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్నవే. సర్టిఫికెట్లు చూసుకోవడానికి పెట్టిన సర్ట్‌యుటిల్ నెట్ నుంచి ఫైళ్లు కూడా దింపిపెడుతుంది, పాపం.

జీఎస్టీ ఇన్‌వాయిస్ పేరుతో ఎక్సెల్ ఫైలొస్తుంది. మీ పాత ఎక్సెల్‌లో పిల్లోడు పైనున్న పసుపు పట్టీ మీద నొక్కి ఫైల్లోని మాక్రోను లేపుతాడు. నల్ల కిటికీ ఒకటి రెప్పపాటు మెరిసి పోతుంది. లోపల పవర్‌షెల్ తలాతోకా లేని అక్షరాల దండకం చదువుతూ ఉంటుంది. దాన్ని విప్పి రాసిపెట్టే లాగింగ్ విండోస్‌లోనే ఉంది. ఒకరి గుట్టు మనకెందుకని మీరు దాన్ని ఆన్ చేయలేదు. అలా రాసిన లాగ్‌లు 180 రోజులు దాచమని, దాడి జరిగితే 6 గంటల్లో చెప్పమని 2022లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఏమీ రాసుకోనివాడికి చెప్పడానికేముంటుంది? మీదే నిశ్చింత.

2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లనే పట్టుకుంది. ఫైళ్లకు తాళం వేయడంతో ఆగకుండా, విండోస్ దాచుకున్న పాత నకళ్లను విండోస్‌లోని వీఎస్ఎస్‌అడ్మిన్ చేతే చెరిపించే ఆజ్ఞ కూడా దానిలో ఉంది. తర్వాతి నెల నాట్‌పెట్యా అనే మరో మాల్‌వేర్ మెమరీలో దొరికిన పాస్‌వర్డ్‌ను డబ్ల్యూఎంఐసీకిచ్చి పక్క మెషిన్లలోకి పాకింది. దాని దెబ్బకు మెర్స్క్ నౌకల కంపెనీకి 25-30 కోట్ల డాలర్లు పోయాయి. ఒకటే పాస్‌వర్డ్ అన్న మీ సిద్ధాంతానికి అంత విలువుంది మరి!

అంత దూరమెందుకు, పెనుకొండ కియా కార్ల ఫ్యాక్టరీలో ఐదేళ్లలో సుమారు 900 ఇంజన్లు మాయమయ్యాయని 2025 మార్చిలో పోలీసులకు ఫిర్యాదు అందింది. జేబులో వేసుకుని గోడ దూకడానికి ఇంజనేమైనా సెల్‌ఫోనా? లోపలివాళ్ల పనేనని పోలీసులు అనుమానించారు. అయినా మీరు చలించలేదు. ఇంటి దొంగను ఈశ్వరుడే పట్టలేనప్పుడు మీకెందుకా శ్రమ?

కొందరు పిసినారులున్నారు సామీ. అడ్మిన్ హక్కులు వెనక్కి తీసుకుంటారు. మెషిన్‌కో పాస్‌వర్డ్ పెడతారు. ఎక్సెల్ పోయి పవర్‌షెల్‌ను లేపబోతే అక్కడే ఆపే రూలు రాస్తారు. బ్యాకప్ తీశాక డిస్కు పీకి బీరువాలో పెడతారు. మీది అంత ఇరుకు మనసు కాదు. బ్యాకప్‌ను అదే మెషిన్‌లో, డి డ్రైవ్‌లో, పైన 'బ్యాకప్' అని పేరు రాసి మరీ ఉంచారు.