సజ్జ కింద తుట్టె: టీకాతాత్పర్య సహితం

మూలం: “అబ్బీ! సజ్జ కిందుండే తుట్టె జోలికి పోవాకు. మాపటికి మనిషొస్తాడు. అంతదాకా గమ్మునుండు.”

అవతారిక. ఈ మూలానికి కర్త పేరు ఏ తాళపత్రంలోనూ లేదు. కడపలోనో కర్నూలులోనో మిద్దె వైపు తలెత్తి చూసిన ఏ అవ్వదైనా కావచ్చు. పద్యమూ కాదు, పాడూ కాదు, దీనికి టీక ఎందుకని అడిగేవాళ్లుంటారు. టీకలకూ కడపకూ పాత చుట్టరికం ఉంది. 1820లో కుర్ర ఉద్యోగిగా కడపకు వచ్చి తెలుగు నేర్చిన సి.పి. బ్రౌన్, తర్వాత ఇదే ఊళ్లో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, కావ్యాల ప్రతులు సరిచూయించాడు, టీకలు రాయించాడు. ఆయన పూనికతోనే జూలూరి అప్పయ్య టీకతో మనుచరిత్ర 1851లో అచ్చయింది. అందులోని ప్రవరుడి కాళ్లకు పూసిన పసరుకే అంత టీక పట్టినప్పుడు, ఈగ కుట్టి వాచిన చెంపకు నాలుగు ముక్కలు పట్టవా?

అబ్బీ: సంబోధన. మగపిల్లవాణ్ణి పిలిచే సీమ మాట. వాడి చేతిలో పొడుగాటి కట్టె ఉందని ధ్వని. మూలంలో కట్టె ఊసు లేదు నిజమే. కట్టె లేకుంటే అవ్వ నోరు తెరవాల్సిన పనే లేదు.

సజ్జ: ఇక్కడ శ్లేష. రొట్టె చేసుకునే సజ్జ ఒకటి, పూలు కోసుకునే సజ్జ ఒకటి, కిటికీ మీద నీడకు వేసే సజ్జ ఒకటి. తొలి రెండింటి కింద తుట్టె పట్టదు కాబట్టి మూడోదే గ్రాహ్యం. పాత ఇళ్లలో ఇది కడప బండ, కాకుంటే బేతంచెర్ల బండ. పైన బండ, కింద నీడ, ముందు అంతా ఖాళీ. కొండచరియకు వేలాడడం అలవాటైన పెద్ద తేనెటీగకు ఇంతకంటే ఏం కావాలి? నీళ్ల ట్యాంకు అడుగు, మూడో అంతస్తు సజ్జ, నల్లమల కొండపేటు దాని లెక్కలో ఒకే వరస.

తుట్టె: కోస్తావాళ్ల పాఠం ‘తేనెపట్టు’. అర్థం ఒకటే అయినా ఇక్కడ తుట్టే మేలు. తెలుగువాడు పట్టును పిండుతాడు. తుట్టెను మాత్రం కదిలిస్తాడు. అసెంబ్లీలో పాత ఫైలు తీసినా, పెళ్లిలో పాత బాకీ ఎత్తినా పత్రికలు రాసేది తేనెతుట్టెను కదిపారనే.

అసలు చిక్కు మరోటుంది. అవ్వ తుట్టె అంది గానీ దేని తుట్టె అనలేదు. టీకాకారులు చేతులెత్తేసే చోటు ఇదే, అబ్బి దెబ్బతినే చోటూ ఇదే. పెద్ద తేనెటీగది ఒకటే పొర. అర్ధచంద్రంలా వేలాడుతూ మీటరు వెడల్పు దాటగలదు. వేల ఈగలు దాన్ని దుప్పటిలా కప్పి ఉంటాయి. దగ్గరికి పెద్ద కందిరీగ వస్తే ఆ దుప్పటి మీద ఒక ఈగ తోక పైకెత్తుతుంది, పక్కది ఎత్తుతుంది, దాని పక్కది ఎత్తుతుంది. రెప్పపాటులో ఈ చివర నుంచి ఆ చివరకు అల పాకిపోతుంది. కింద నిలబడి చూస్తే తుట్టె ఒళ్లు జలదరించినట్టుంటుంది. జుంటితేనె అలా కాదు, నిమ్మచెట్టు కొమ్మకు అరచేతంత. పుట్టతేనె ఈగ గోడ సందులో, చెట్టు తొర్రలో పొర పక్కన పొర పేర్చి చీకట్లో కాపురముంటుంది. ముగ్గురూ తేనె పెట్టేవాళ్లే. కోపాలు మాత్రం వేరు. జుంటీగ కుడితే అమ్మా అంటాడు, పెద్ద ఈగల దండు కుడితే ఆసుపత్రి అంటాడు.

కందిరీగ తుట్టెలో తేనే ఉండదు. పాత తలుపు చెక్క గీకి, నమిలి, ఉమ్ము కలిపి చేసిన కాగితపు గదులవి. అమరకోశం కందిరీగను ‘వరట’ అంది. ఆడహంసనూ ‘వరట’ అనే అంది. నాయిక నడకను వరటతో పోల్చిన కవి ఏ వరటను తలచుకున్నాడో అప్పయ్యలాంటివాళ్లే తేల్చాలి. ఈ కాగితపు గూళ్లలో ఒక రకాన్ని, రోపాలీడియా మార్జినేటాను, బెంగళూరులో రాఘవేంద్ర గడగ్‌కర్ దశాబ్దాలపాటు ఒక్కో కందిరీగకు రంగు చుక్క పెట్టి చూశాడు. ఆయన కనుక్కున్నవాటిలో ఒకటి: ఆ గూట్లో రాణి మహా మెతక. రాణి పోయిన రోజు మాత్రం పనివాళ్లలో ఒకతి ఉన్నట్టుండి అందరి మీదా విరుచుకుపడుతుంది. కొద్ది రోజులకు ఆమే రాణి, ఆమే మెతక. రాయలసీమ ముఠాల చరిత్ర తెలిసినవాళ్లకు ఇది కొత్తగా తోచకపోవచ్చు.

ఇంకొకటి మట్టిగూడు. స్విచ్చిబోర్డు మూల, దేవుడి పటం వెనక, ఏడాదిగా తీయని తాళం రంధ్రం. సన్న నడుము కందిరీగ నోట మట్టి ముద్దతో వచ్చి, జుయ్యిమని సన్నగా రొద చేస్తూ అలుకుతుంది. అది ఇంట్లో గూడు పెడితే ఎవరో నెల తప్పారని అవ్వలు లెక్కపెడతారు. వేదాంతులు ఇంకో లెక్క వేశారు. భ్రమరం తెచ్చి బంధించిన పురుగు, భయంతో దాన్నే ధ్యానించి చివరకు తానే భ్రమరమై ఎగిరిపోతుందట. దీనికి భ్రమరకీట న్యాయమని పేరు. గూడు పగలగొట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. లోపల సాలీళ్లుంటాయి, కొన్ని గూళ్లలో పచ్చపురుగులు. చావలేదు, కదలవు. తల్లి కుట్టి మొద్దుబార్చి, పక్కన గుడ్డు పెట్టి మూత వేసి పోయింది. గుడ్డులోంచి వచ్చిన బిడ్డ వాటిని తిని కందిరీగై బయటికొస్తుంది. పురుగు భ్రమరం కాలేదు, భ్రమరానికి బువ్వ అయ్యింది. ఈ మట్టిగూటి తల్లి ఒంటరిది. కాపలాకు దండు లేదు, మనిషి జోలికి రావడం అరుదు.

జోలికి పోవాకు: ఇది నిషేధం. సుందరకాండలో మధువనం జోలికి వానరులు పోతే దెబ్బలు తిన్నది కావలి కాసిన దధిముఖుడు. సీమలో మాత్రం తినేది పోయినవాడే. తేనెటీగ ముల్లుకు గాలపు కొక్కేల్లాంటి పళ్లుంటాయి. కుట్టాక ముల్లు, విషపు సంచీ మన చర్మంలోనే తెగి ఉండిపోతాయి, ఈగ చస్తుంది, సంచీ మాత్రం విషం పంపుతూనే ఉంటుంది. అందుకే గోటితోనో అట్టతోనో వెంటనే గీకి పారేయాలి. ఎలా తీశామన్నది కాదు, ఎంత తొందరగా తీశామన్నదే లెక్క. కందిరీగ ముల్లు నునుపు, ఎన్నిసార్లైనా పొడుస్తుంది. తేనెటీగ కుట్టినచోట అరటిపండు వాసనలాంటిదొకటి లేస్తుంది. మనకది వాసన, మిగతా ఈగలకు దండోరా. శవయాత్రలో బాణసంచా పొగ తగిలి, పాడె దించి జనం పరుగెత్తారన్న వార్తలు తెలుగు పత్రికల్లో రావడం కొత్త కాదు. అలాంటప్పుడు బావిలో దూకడం పనికిరాదు, ఈగలు పైన కాచుకుని ఉంటాయి. దూరంగా పరుగెత్తి గదిలోకి దూరి తలుపేసుకోవాలి. ఊపిరాడకున్నా, పెదాలు వాచినా, చాలాచోట్ల కుట్టినా సున్నం, పసుపు అంటూ కూర్చోకుండా 108కి ఫోను చేయాలి.

మాపటికి: పగలు కొన్ని ఈగలు మేతకు పోయి ఉంటాయి, వెలుతురులో అన్నీ మనిషిని చూస్తాయి. చీకటి పడితే అన్నీ గూటికి చేరతాయి. పొగ తగిలితే అడవి అంటుకుందనుకుని కడుపునిండా తేనె తాగుతాయి, దండోరా వాసన పొగలో కలిసిపోతుంది. పెద్ద ఈగ వెన్నెల్లోనూ ఎగరగలదు కాబట్టి తెలిసినవాళ్లు చంద్రుడు లేని రాత్రి చూసుకుంటారు.

మనిషి: ఏ మనిషైనా కాదు, పని తెలిసిన మనిషి. ఈ పనికి గురుపీఠం నల్లమల చెంచులది. కొండపేటు మీంచి తాడు పట్టుకుని దిగేవాడికి పైన తాడు పట్టేది బావమరిది అంటారు. అక్కచెల్లెళ్లు ముత్తైదువలుగా ఉండాలని కోరుకునేవాడు చెయ్యి వదలడని తర్కం. వాళ్లు తెచ్చిన తేనెను 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఊళ్లో సజ్జకు తాడూ బావమరిదీ అక్కర్లేదు, నిచ్చెన చాలు. పెట్రోలు సీసా పట్టుకొచ్చేవాడు మాత్రం మూలంలోని ‘మనిషి’ కిందికి రాడు. ఈగలతోపాటు కిటికీ పరదాలూ అంటుకుంటాయి.

గమ్మునుండు: నోరు మూసుకొమ్మని వాచ్యార్థం. లోపల మరో అర్థం ఉంది. కొమ్మకు ముద్దగా వేలాడే ఈగల గుంపు చాలాసార్లు కొత్త ఇల్లు వెతుక్కుంటూ ఆగిన ప్రయాణికులే, ఒకటి రెండు రోజుల్లో లేచిపోతాయి. పెద్ద తేనెటీగ కూడా పూలు అయిపోగానే తుట్టె ఖాళీ చేసి వలసపోతుంది, మళ్లీ ఏడాది అదే సజ్జకు రావచ్చు. ఎండాకాలం కూలర్ గడ్డి మీద, కుండకు చుట్టిన తడి గోనె మీద వాలే ఈగలు కుట్టడానికి రావు. నీళ్లు మోసుకుపోయి గూట్లో చిలకరించి, రెక్కలతో విసిరి పిల్లలను చల్లబరుస్తాయి. కర్నూలు ఎండలో మనుషులు చేసేదీ అదే. వాటిని విసనకర్రతో కొట్టకుండా, పెరటి మూల ఒక పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు పెడితే కూలర్‌ను వదిలి అటు తిరుగుతాయి.

పాఠాంతరం: కొన్ని ఇళ్లలో మూలం చివర “తేనె నీకూ పోపిస్తాలే” అని ఒక ముక్క ఎక్కువ వినబడుతుంది. ప్రక్షిప్తమని పండితులు కొట్టిపారేయవచ్చు గానీ, అబ్బి కట్టె కింద పడేసింది ఆ ముక్క విన్నాకే.