దత్తత కౌంటర్ ఎటువైపు?

మన దేశానికొచ్చే విదేశీయులు ఇక జేబులో నోట్లు మోయనక్కర్లేదట. మొదట్లో జీ20 దేశాల వాళ్లకే ఇచ్చిన యూపీఐ వన్ వరల్డ్ వాలెట్‌ను 2024 నుంచి అన్ని దేశాల వాళ్లకూ ఇస్తున్నారు. పద్ధతి పేపర్లో చూసే ఉంటారు. విమానం దిగాలి, ఆ వాలెట్ ఇచ్చే ఫారెక్స్ కౌంటర్ ఎక్కడుందో వెతకాలి, పాస్‌పోర్టూ వీసా చూపించాలి, యాప్ దించుకోవాలి, డబ్బు నింపుకోవాలి, వెళ్లేటప్పుడు మిగిలింది వెనక్కి తెచ్చుకోవాలి. డాలర్లు మార్చే కౌంటర్ ముందు నిలబడి డాలర్లు మార్చుకునే శ్రమ తప్పించుకోవడమన్నమాట. కొబ్బరి బొండాం తాగడానికి ఇంత చదువు!

నాకు ఇంతకంటే సులువైన దారి తోచింది. యూపీఐకి కావలసింది ఇక్కడి బ్యాంకులో ఖాతా, దానికి ముడిపడిన ఫోన్ నంబరు. టూరిస్టుకు ఆ రెండూ ఉండవు. మనకేమో ఇంటికి నాలుగేసి ఉన్నాయి. కాబట్టి అతన్ని మనం దత్తత తీసుకుంటే సరి. ఊళ్లను, జిల్లాలను దత్తత తీసుకున్న నాయకులున్న గడ్డ ఇది. జూపార్కులో పులులను కూడా తీసుకుంటున్నాం. ఒక జర్మనీ కుర్రాణ్ణి తీసుకోలేమా?

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ దాటగానే ఎడమచేతి వైపు దత్తత కౌంటర్ పెట్టాలి. పురోహితుడు మూడు షిఫ్టుల్లో ఉంటాడు. గోత్రం తెలియదంటే కాశ్యప గోత్రం వేసేస్తారు. పొగకు అలారం మోగుతుంది కనుక హోమం ఆన్‌లైన్‌లోనే. స్టార్ హోటల్ బుక్ చేసుకున్నవాళ్లకు జూబ్లీహిల్స్ తల్లిదండ్రులు, వీపున సంచితో దిగినవాళ్లకు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ కుర్రాళ్లు. ఆ రెండో రకం వాళ్లు నెలాఖరున రాకపోవడం మంచిది. అప్పుడు దత్తత తీసుకున్న నాన్న ఖాతాలోనే నలభై రెండు రూపాయలుంటాయి.

ఇక మన కుర్రాడు లాడ్ బజార్‌లో గాజులు బేరమాడాడనుకోండి. క్యూఆర్ కోడ్‌ను ఫొటో తీసి వాట్సాప్‌లో పంపి, "నాన్నా, నాలుగొందలు కొట్టు" అంటాడు. నాన్న హైటెక్ సిటీలో మీటింగులో ఉంటాడు. అమ్మ ఊరుకుంటుందా? "నాలుగొందలా? ఆ షాపాయనకి ఫోనివ్వు నాయనా" అని లైన్లోనే రెండొందల యాభైకి దింపుతుంది. అంతలో సర్వర్ డౌన్. అరగంట తర్వాత కొట్లోని స్పీకర్ మహేశ్‌బాబు గొంతుతో డబ్బు ముట్టిందని చెబుతుంది. కుర్రాడు ఆ గొంతు తన దత్తత తండ్రిదే అనుకుని డబ్బాకు దండం పెడతాడు.

చిక్కులు లేవని అనను. గోల్కొండ కోటకు టికెట్ మనకు పాతిక, విదేశీయులకు మూడొందలు. "మా అబ్బాయికి పాతికే తీసుకోవాలి" అని తండ్రి పురావస్తు శాఖ మీద కోర్టుకెక్కుతాడు. ఇది చూసి ఇంటల్లుడు, "అయితే మియాపూర్ ప్లాటులో అతనికీ వాటా ఉందా మావయ్యా?" అంటాడు. అందుకే నిబంధనల్లో రాయాలి: వీసా గడువుతో దత్తత రద్దు, ఖర్చు కాని ప్రేమ పది పనిదినాల్లో మూల ఖాతాకు జమ.

దీనికి పూర్వోదాహరణ కూడా ఉంది. 2024 జనవరిలో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ జైపూర్‌లో హవా మహల్ దగ్గర చాయ్ తాగితే, ఫోన్ తీసి యూపీఐలో కట్టింది మన ప్రధాని. వారం తిరిగేసరికి ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ వచ్చేసింది. ఇప్పుడు మనవాడు పారిస్ వెళ్తే స్కాన్ చేసి టవర్ ఎక్కుతాడు. పారిస్‌వాడు చార్మినార్ దగ్గర చాయ్ తాగాలంటే మాత్రం పక్కన ప్రధానమంత్రి ఉండాలి.

పోనీ, ఆ పారిస్‌వాడి దగ్గర డబ్బు లేదా? ఉంది. ఏటీఎంలో తీసుకున్న ఐదొందల నోటు. దాని మీద రిజర్వు బ్యాంకు గవర్నర్ సంతకం ఉంది, చెల్లిస్తానన్న మాట ఉంది, తెలుగులోనూ విలువ రాసి ఉంది. దేశంలో ఎక్కడైనా అది చెల్లుతుందని 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 26వ సెక్షన్ చెబుతోంది. బొండాల బండి దగ్గర మాత్రం చెల్లదు. "చిల్లర లేదు సార్, ఫోన్‌పే." బండాయన్ని అనను. పొద్దుటి నుంచీ ఒక్కరూ పది నోటు ఇవ్వకపోతే ఆయన ఎక్కణ్ణుంచి తెస్తాడు? 2016లో పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు విదేశీయులకు వారానికి ఐదు వేలు మార్చుకునే వీలిచ్చారు. అప్పుడు నోటుకు కరువు. ఇప్పుడు నోటుంది, పుచ్చుకునేవాడు లేడు.

టూరిస్టు పది రోజులకు విమానమెక్కి పోతాడు. మరి ఇక్కడే ఉండేవాళ్లో? 2024 జూలై ఒకటో తారీఖున ఆంధ్రప్రదేశ్‌లో అవ్వలకు, తాతలకు బకాయిలతో కలిపి ఏడు వేల పింఛను గుమ్మంలోకి తెచ్చి నగదుగా చేతిలో పెట్టారు. అలాంటి నోటే మందుల షాపులో చాపి బీపీ మాత్రలు అడిగితే, "చిల్లర లేదు మామ్మా, ఫోన్ లేదా? మనవణ్ణి కొట్టమను" అంటున్నారు. మనవడు బెంగళూరులో ఉన్నాడు. ఫోనెత్తడు. మాత్రలు లేకుండానే ఆమె ఇంటికి నడుస్తోంది. పెద్ద సార్లూ, ప్రపంచంలో ప్రతివాడికీ వాలెట్ పంచండి, వద్దనను. ముందు బ్యాంకుల నుంచి కొట్లకు పది, ఇరవై నోట్లు పంపించండి. మీరు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం మీ ఊళ్లోనే చెల్లకపోతే ఆ ముసలామె ఎవరిని అడగాలి? ఆ ఫిర్యాదు కూడా యాప్‌లోనే పెట్టుకోమంటారా?